ఒక రాణి పెళ్ళి, వెయ్యి పేజీల గ్రామర్: ఇంగ్లీష్ వాళ్ళు ఫ్రెంచ్ నేర్చుకున్న కథ

 

ఇవాళ్టి టాపిక్ వినగానే కొంతమంది స్కిప్ కొట్టేస్తారేమో. గ్రామర్! అందులోనూ ఫ్రెంచ్ గ్రామర్! కానీ ఒక్క రెండు నిమిషాలు ఆగండి. ఈ కథలో యుద్ధం ఉంది, పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి యాభై రెండేళ్ళ రాజుతో పెళ్ళి ఉంది, తన పుస్తకం ఎవరికి పడితే వాళ్ళకి అమ్మొద్దని ప్రింటర్‌కి చెప్పిన మాస్టారు ఉన్నాడు. అన్నింటికీ మించి, ఇవాళ మన ఫోన్లో ఉన్న భాషల యాప్‌ల వెనక నడుస్తున్న గొడవ కూడా ఉంది. ఆ గొడవకి ఐదు వందల ఏళ్ళు.

హైదరాబాద్‌లో ఇంటర్ చదివిన వాళ్ళకి తెలుసు, సెకండ్ లాంగ్వేజ్ అనగానే సంస్కృతమా, ఫ్రెంచా, దేంట్లో మార్కులు ఎక్కువొస్తాయి అనేదే మొదటి ప్రశ్న. నేను కూడా ఫ్రెంచ్‌ని ఇంగ్లీష్‌లో రాసిన పుస్తకంతోనే మొదలుపెట్టా. అంటే ఒక తెలుగువాడు, ఇంగ్లీష్ వాళ్ళ కోసం రాసిన వివరణలతో ఫ్రెంచ్ నేర్చుకోవడం. ఆ పుస్తకంలో కొన్ని చోట్ల ‘ఇది చాలా కష్టం, జాగ్రత్త’ అని పేజీలకు పేజీలు రాశారు. చదివితే నాకు అది అసలు కష్టంగానే లేదు. ఎందుకలా అని వెతకడం మొదలుపెడితే, ఆ దారి నన్ను 1066 దాకా తీసుకెళ్ళింది.

1066లో ఏం జరిగింది? ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న నార్మండీ నుంచి విలియం అనే డ్యూక్ సముద్రం దాటి వచ్చి, హేస్టింగ్స్ దగ్గర యుద్ధం గెలిచి ఇంగ్లండ్‌కి రాజయ్యాడు. అతనితో వచ్చిన ప్రభువులు మాట్లాడింది ఒక రకం ఫ్రెంచ్. దాంతో ఇంగ్లండ్‌లో రాజు, కోర్టు, పెద్ద ఇళ్ళు అన్నీ ఫ్రెంచ్‌లో నడిచాయి. పొలం దున్నేవాడు మాత్రం ఇంగ్లీష్‌లోనే ఉన్నాడు.

కానీ ఒకటి గమనించండి. వలస వచ్చినవాళ్ళ పిల్లలు, వాళ్ళ మనవళ్ళు ఏం భాష మాట్లాడతారు? చుట్టూ ఉన్న భాషే కదా. అమెరికాలో పుట్టిన మన పిల్లల్ని చూస్తున్నాంగా! తాతతో తెలుగు, తమ్ముడితో ఇంగ్లీష్. సరిగ్గా అదే ఇంగ్లండ్‌లో జరిగింది. కొన్ని తరాలు గడిచేసరికి ఆ ప్రభువుల పిల్లలకి ఇంగ్లీషే అమ్మభాష అయిపోయింది. కానీ హోదా మాత్రం ఫ్రెంచ్‌లోనే ఉంది. అంటే ఇంట్లో వచ్చే భాష కాస్తా పాఠం చెప్పించుకోవాల్సిన భాష అయింది.

దానికి సాక్ష్యం ఒక చిన్న పుస్తకం. పదమూడో శతాబ్దంలో వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్ అనే ఒక నైట్, ఒక ప్రభువర్గపు ఇల్లాలి కోసం పద్యాల్లో ఒక పాఠం రాశాడు. ఆమె తన పిల్లలకి ఫ్రెంచ్ నేర్పాలి, అందుకని. ఇంటి సామాన్లు, శరీర భాగాలు, పొలం పనులు, పక్షుల అరుపులు, అన్నింటికీ ఫ్రెంచ్ మాటలు. కష్టమైన మాట మీద చిన్న అక్షరాల్లో ఇంగ్లీష్ అర్థం. ఇప్పుడు మనం వీడియో కింద సబ్‌టైటిల్ వేసినట్టు!

అందులో ఆయన మొదట్లోనే పట్టుకున్న సమస్య లింగం. ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువుకీ ఆడో మగో అయి తీరాలి. మగదానికి ‘ల’, ఆడదానికి ‘లా’. ‘ల లీవ్ర్’ అంటే పుస్తకం. అదే మాటకి ‘లా’ పెట్టి ‘లా లీవ్ర్’ అంటే పౌను, అంటే బరువు కొలిచే పౌను, డబ్బు పౌను. ఇక దగ్గరగా వినిపించే ఇంకో రెండు ఉన్నాయి. ‘లా లెవ్ర్’ అంటే పెదవి, ‘ల లియెవ్ర్’ అంటే కుందేలు. కాస్త తేడా కొడితే పుస్తకం చదివానని చెప్పబోయి కుందేలు చదివానంటాం. బిబ్స్‌వర్త్ సరిగ్గా ఈ మాటల్నే ఒకచోట చేర్చి ఆ ఇల్లాలికి తేడా చూపించాడు. ఏడు వందల ఏళ్ళు దాటినా, ఇంగ్లీష్ మాట్లాడేవాడు ఫ్రెంచ్ క్లాసులో మొదటి రోజు తడబడేది ఇక్కడే.

మనకి ఈ బాధ తెలుసు. హిందీ పరీక్షలు రాసినవాళ్ళని అడగండి. కితాబ్ ఎందుకు స్త్రీలింగం, ఘర్ ఎందుకు పుల్లింగం? ఎవరూ చెప్పరు, బట్టీ పట్టాల్సిందే. తెలుగులో బల్లకీ బస్సుకీ ఆడామగా తేడా లేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో మనమూ ఇంగ్లీష్ వాడూ ఒకే బెంచీ.

కానీ అసలు విషయం ఇది. ఇంగ్లీష్ వాడికి ఇది ఎప్పుడూ లేనిది కాదు! 1066 నాటి పాత ఇంగ్లీష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉండేది. పుల్లింగం, స్త్రీలింగం, నపుంసకం, మూడూ ఉండేవి. తర్వాత రెండు మూడు వందల ఏళ్ళలో ఆ పద్ధతి రాలిపోయింది. అంటే బిబ్స్‌వర్త్ పాఠం చెప్తున్న కాలానికి ఇంగ్లీష్ తన సొంత లింగాల్ని వదిలేస్తోంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

1362కి వద్దాం. కోర్టుల్లో వాదనలు ఫ్రెంచ్‌లో జరుగుతున్నాయి, ఆ భాష దేశంలో చాలామందికి తెలియట్లేదు, కాబట్టి ఇకపై ఇంగ్లీష్‌లో వాదించండి అని పార్లమెంట్ చట్టం చేసింది. కేసు నడుస్తోంది, తన మీద ఏం ఆరోపిస్తున్నారో ముద్దాయికే అర్థం కావట్లేదు. ఆ న్యాయం కోసం తెచ్చిన చట్టం అది. మంచిదే కదా! అయితే ఆ చట్టాన్ని రాసింది ఏ భాషలో? ఫ్రెంచ్‌లో. నవ్వొస్తుంది కానీ, ఒక అధికార భాష కుర్చీ దిగడం అంత తేలిక కాదని మనకంటే ఎవరికి బాగా తెలుసు! లాయర్ల ఫ్రెంచ్ చట్టపుస్తకాల్లో ఆ తర్వాత కూడా శతాబ్దాల పాటు బతికింది.

ఆ శతాబ్దం చివర్లో కవి ఛాసర్ తన కాంటర్‌బరీ కథల్లో ఒక సన్యాసినిని చూపిస్తాడు. ఆమె ఫ్రెంచ్ చక్కగానే మాట్లాడుతుంది, కానీ అది లండన్ పక్కన నేర్చుకున్న ఫ్రెంచ్. పారిస్ ఫ్రెంచ్ ఆమెకి తెలియదు. చదివినవాళ్ళు నవ్వుకున్నారు. యాక్సెంట్ చూసి వెక్కిరించడం ఇవాళ్టి జబ్బు కాదు ఫ్రెండ్స్!

ఇప్పుడు అసలు కథ. 1514.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ. అతని చెల్లెలు మేరీ. ఫ్రాన్స్‌తో సంధి కుదిరింది. సంధి షరతు ఏంటంటే, మేరీ ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీని పెళ్ళి చేసుకోవాలి. ఆమెకి 18, ఆయనకి 52. మేరీకి ఫ్రెంచ్ నేర్పిన మాస్టారు జాన్ పాల్స్‌గ్రేవ్. లండన్ వాడు. కేంబ్రిడ్జ్‌లో, పారిస్‌లో చదివాడు. ఫ్రెంచ్ అతనికి పుట్టుకతో వచ్చిన భాష కాదు, కష్టపడి నేర్చుకున్న భాష. ఇది ముఖ్యం.

అక్టోబర్ 9న అబ్‌విల్ అనే ఊళ్ళో పెళ్ళయింది. మర్నాడే లూయీ ఆమె ఇంగ్లీష్ పరివారంలో చాలామందిని వెనక్కి పంపించేశాడు. చిన్నప్పటి నుంచి ఆమెని చూసుకున్న పెద్దావిడని కూడా. మేరీ అన్నకి ఏడుస్తూ ఉత్తరం రాసింది, ఇలా చేశారు, నాకు సలహా చెప్పేవాళ్ళే లేకుండా పోయారు అని. ఒక్కసారి ఆలోచించండి. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, తెలియని ఊరు, తెలియని భర్త. తనకంటూ ఉన్నది ఏంటి? నేర్చుకున్న ఆ భాష ఒక్కటే. ఏది ఎవరితో ఎలా అనాలి, ఎవరిని ‘త్యూ’ అనాలి, ఎవరిని ‘వూ’ అనాలి, ఒక మాట తప్పితే ఎవరు ఏమనుకుంటారు. గ్రామర్ ఆమెకి మార్కుల కోసం కాదు, బతకడం కోసం.

ఆ పెళ్ళి మూడు నెలలు కూడా నిలవలేదు. 1515 జనవరి 1న లూయీ చనిపోయాడు. మేరీ తనకి ఇష్టమైన చార్లెస్ బ్రాండన్‌ని పారిస్‌లోనే రహస్యంగా పెళ్ళి చేసుకుని ఇంటికొచ్చింది. అదో పెద్ద కథ, ఇంకో ఎపిసోడ్‌కి సరిపోతుంది.

సరిగ్గా ఆ 1514లోనే ఇంకో ఇంగ్లీష్ పిల్ల ఫ్రెంచ్‌తో కుస్తీ పడుతోంది. బ్రస్సెల్స్ దగ్గర, ఆస్ట్రియా మార్గరెట్ కొలువులో. ఆ పిల్ల తండ్రికి రాసిన ఫ్రెంచ్ ఉత్తరం ఇప్పటికీ కేంబ్రిడ్జ్‌లో ఉంది. స్పెల్లింగ్ మొత్తం గందరగోళం. చెవికి ఎలా వినపడితే అలా రాసేసింది. తనే ఒప్పుకుంది కూడా, ఈ స్పెల్లింగ్ నా సొంత బుర్రలోంచి వచ్చింది, మిగతావి మాస్టారు చెప్తే రాసినవి అని. ఆ పిల్ల పేరు యాన్ బొలీన్. తర్వాత ఫ్రాన్స్ కొలువులో ఏళ్ళ తరబడి ఉండి, ఆ భాషా ఆ తీరూ ఒంటబట్టించుకుని ఇంగ్లండ్ తిరిగొచ్చింది. హెన్రీ ఆమెకి రాసిన ప్రేమలేఖల్లో కొన్ని ఫ్రెంచ్‌లోనే ఉన్నాయి. ఆ ప్రేమ ఇంగ్లండ్ మతాన్నే మార్చింది, చివరికి 1536లో ఆమె ప్రాణం తీసింది.

ఆ ఉత్తరంలో స్పెల్లింగ్ ఎందుకంత తప్పింది? ఆమె మొద్దు కాదు. ఫ్రెంచ్‌లో రాసేది వేరు, పలికేది వేరు. చివరి అక్షరాలు చాలావరకు మూగవి. ‘నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాళ్ళు మాట్లాడతారు’ అనే మూడింటికీ క్రియని మూడు రకాలుగా రాస్తారు. కానీ ఇప్పటి ఫ్రెంచ్‌లో నోట్లోంచి వచ్చేది ఒక్కటే, ‘పార్ల్’. మన దగ్గర ‘వచ్చాను’ అంటే చాలు, ఎవరో క్రియే చెప్పేస్తుంది. ఫ్రెంచ్‌లో ఆ చివర్లు చెవికి అందవు కాబట్టి, ‘నేను, నువ్వు’ అని ముందు చెప్పి తీరాలి.

సరే, పాల్స్‌గ్రేవ్ దగ్గరికి వద్దాం. ఆయన ఏళ్ళ తరబడి కూర్చుని ఒక పుస్తకం రాశాడు. 1530లో అచ్చయింది. టైటిల్ ఫ్రెంచ్‌లో, లోపలంతా ఇంగ్లీష్‌లో. టైటిల్ అర్థం ‘ఫ్రెంచ్ భాషకి వివరణ’ అని. వెయ్యి పేజీలు దాటింది! ఉచ్చారణ ఎలా, భాషాభాగాలు ఎన్ని, క్రియలు ఎలా మారతాయి, ఆ తర్వాత పెద్ద పదకోశం. ఒక ఇంగ్లీష్ క్రియ తీసుకుని, దానికి ఫ్రెంచ్ ఏంటో చెప్పి, ఒక వాక్యంలో పెట్టి చూపించాడు. ఇవాళ డిక్షనరీ యాప్‌లో ఉదాహరణ వాక్యం వస్తుంది చూడండి, అదే ఐడియా.

ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, అప్పటికి ఫ్రాన్స్‌లోనే ఫ్రెంచ్‌కి అంత పెద్ద గ్రామర్ లేదు. ఫ్రాన్స్‌లో జాక్ దుబ్వా రాసిన వ్యాకరణం 1531లో వచ్చింది, అదీ లాటిన్‌లో. ఫ్రెంచ్ గ్రామర్‌ని ఫ్రెంచ్‌లోనే రాసిన లూయీ మెగ్రే పుస్తకం 1550లో వచ్చింది. ఎందుకలా? ఆలోచిస్తే సింపుల్. ఈత వచ్చినవాడు నీళ్ళ గురించి ఆలోచించడు. మునిగిపోతున్నవాడే ఆలోచిస్తాడు. రూల్ కావాల్సింది బయటివాడికి. మన తెలుగుకే చూడండి, మనం రోజూ వాడే మాటల్ని కూర్చి బ్రౌన్ దొర నిఘంటువు చేయలేదా?

ఇక ఆ సేల్స్ కథ. స్టీఫెన్ వాన్ అనే ఒక వ్యాపారికి ఈ పుస్తకం కావాలి. అడిగితే దొరకలేదు. ఎందుకంటే, తను చెప్పినవాళ్ళకి తప్ప ఎవరికీ అమ్మొద్దని పాల్స్‌గ్రేవ్ ప్రింటర్‌కి చెప్పి ఉంచాడు. పుస్తకం అందరి చేతికీ వెళ్తే తన ట్యూషన్ ఆదాయం పోతుందని భయం. దాంతో ఆ వ్యాపారి, రాజు దగ్గర పైకొస్తున్న థామస్ క్రామ్‌వెల్‌కి ఉత్తరం రాసి, ఒక కాపీ ఇప్పించండి బాబూ అని బతిమాలుకున్నాడు. కోర్సు పీడీఎఫ్ ఎవరికీ షేర్ చేయొద్దని కోచింగ్ సెంటర్ చెప్పినట్టు లేదూ?

పాల్స్‌గ్రేవ్‌కి ఒక పోటీదారు ఉన్నాడు. జైల్స్ ద్యూవెస్. హెన్రీకి చిన్నప్పుడు ఫ్రెంచ్ చెప్పినవాడు, లూట్ అనే తీగవాద్యం నేర్పినవాడు, రాజుగారి లైబ్రరీ చూసుకున్నవాడు. ఫ్రెంచ్ ఆయన సొంత భాష. పాల్స్‌గ్రేవ్ పుస్తకం వచ్చిన రెండు మూడేళ్ళకే ఆయన పుస్తకం వచ్చింది. చిన్నది. హెన్రీ కూతురు, ఇంకో మేరీ, ఆ అమ్మాయికి పాఠం చెప్పడానికి రాసింది. ముందుమాటలో పేరు పెట్టకుండానే చురక వేశాడు: ఆ భాషలో పుట్టనివాళ్ళు దానికి తప్పులేని రూల్స్ రాస్తామనడం ఏమిటి అని! ఆయన పద్ధతి వేరు. కొంచెం గ్రామర్, కొన్ని క్రియలు, ఆ తర్వాత అంతా సంభాషణలు. అందులో రాకుమారి మేరీయే ఒక పాత్ర. అతిథి వస్తే ఏమనాలి, వార్త తెచ్చిన దూతతో ఎలా మాట్లాడాలి, అలాంటివి.

చూశారా? ఒకవైపు వెయ్యి పేజీల రూల్స్, ఇంకోవైపు ‘మాట్లాడు, అదే వస్తుంది’. 1530ల నాటి గొడవ ఇది. ఇవాళ మన స్పోకెన్ ఇంగ్లీష్ యాడ్‌లన్నీ ‘గ్రామర్ లేకుండా 30 రోజుల్లో’ అంటాయి కదా, వాళ్ళంతా ద్యూవెస్ పార్టీ. వ్రెన్ అండ్ మార్టిన్ పట్టుకుని కూర్చునేవాళ్ళు పాల్స్‌గ్రేవ్ పార్టీ.

తర్వాత ఫ్రాన్స్‌లో మతయుద్ధాలు. ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగనో వాళ్ళు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లండన్ పారిపోయి వచ్చారు. చేతిలో ఆస్తి లేదు, నోట్లో భాష ఉంది. చాలామంది ఫ్రెంచ్ మాస్టార్లయ్యారు. వాళ్ళలో క్లోద్ ద సాన్‌లియాఁ అనే ఆయన పేరుని ఇంగ్లీష్‌లోకి మార్చుకుని హాలీబ్యాండ్ అయ్యాడు. స్కూల్ పెట్టాడు, 1570ల్లో చవకైన చిన్న పుస్తకాలు వేశాడు. పలకని మూగ అక్షరాల కింద చిన్న గుర్తు పెట్టడం ఆయన చిట్కా. అంటే రాత మారదు, కంటికి మాత్రం ‘దీన్ని వదిలెయ్’ అని తెలుస్తుంది. యాన్ బొలీన్ తడబడిన చోట ఆయన దారి చూపించాడు. పాల్స్‌గ్రేవ్ దాచుకున్న విద్య ఇలా బజారులోకొచ్చింది, వర్తకుల పిల్లల చేతికొచ్చింది.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్. ఇంగ్లీష్ వాడికి ఫ్రెంచ్‌లో ఎక్కడెక్కడ కష్టం? మూడు చూద్దాం.

ఒకటి, లింగం. చెప్పాగా, వాళ్ళకీ ఉండేది, పోయింది.

రెండు, ‘త్యూ’, ‘వూ’. అంటే నువ్వు, మీరు. నా పుస్తకంలో పేజీల కొద్దీ వివరణ ఉంది, ఎవరిని ఏమనాలి అని. మనకి అది పాఠమా? అత్తగారిని మీరు, చిన్ననాటి ఫ్రెండ్‌ని నువ్వు అనడం మనకి పాలతోనే వచ్చింది. కానీ ఇంగ్లీష్‌లోనూ ‘దౌ’, ‘యూ’ అని రెండూ ఉండేవి. బహువచనాన్ని గౌరవానికి వాడే అలవాటు ఇంగ్లీష్‌కి వచ్చిందే ఫ్రెంచ్ ప్రభావంతో! పదిహేడో శతాబ్దం అయ్యేసరికి మామూలు మాటల్లోంచి ‘దౌ’ జారిపోయింది. ఫ్రెంచ్ దగ్గర నేర్చుకున్నదాన్నే మర్చిపోయి, మళ్ళీ ఫ్రెంచ్ క్లాసులో డబ్బు కట్టి నేర్చుకుంటున్నారు.

మూడు, ‘వచ్చాను’ అనడం. ఫ్రెంచ్‌లో చాలా క్రియలకి ‘హ్యావ్’ లాంటిది వస్తుంది, కానీ వెళ్ళడం, రావడం, పుట్టడం, చనిపోవడం లాంటి కొన్నింటికి ‘యామ్’ లాంటిది రావాలి. ‘జ స్వీ వన్యూ’. ఇంగ్లీష్ స్టూడెంట్‌కి ఇది వింతగా ఉంటుంది. కానీ పాత ఇంగ్లీష్ పుస్తకాలు తెరిస్తే ‘ఐ యామ్ కమ్’ అనే వాడుక బోలెడు చోట్ల కనిపిస్తుంది. అదీ పోయింది.

99 కూడా అంతే. ఫ్రెంచ్‌లో ‘కాత్ర్ వాఁ దీజ్ నఫ్’, అంటే నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది. ఇదేం లెక్కరా బాబూ అని ఇంగ్లీష్ వాడు నవ్వుతాడు. కానీ ఇంగ్లీష్‌లో ‘స్కోర్’ అంటే ఇరవైయే. వాళ్ళ తాతలూ ఇరవైల్లోనే లెక్కపెట్టారు.

ఇక మాటలు. ఇంగ్లీష్‌లో ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాటలు వేలల్లో ఉన్నాయి. అందుకే ఫ్రెంచ్ పేపర్ చూడగానే సగం తెలిసినట్టే ఉంటుంది. ప్రమాదమూ అక్కడే. ‘దమాందే’ అంటే డిమాండ్ చేయడం కాదు, మామూలుగా అడగడం. ‘లిబ్రెరీ’ అంటే లైబ్రరీ కాదు, పుస్తకాల షాపు. ఇలాంటి మాటలకి 1928లో ఇద్దరు ఫ్రెంచ్ రచయితలు ఒక పేరు పెట్టారు, ‘దొంగ స్నేహితులు’ అని. అది అలాగే నిలిచిపోయింది. మనకీ ఉన్నారు. హిందీలో ‘శిక్షా’ అంటే చదువు, మనకి ‘శిక్ష’ అంటే ఏంటో తెలుసుగా! కొంతమందికి రెండూ ఒకటే, అది వేరే సంగతి.

నాకు దీంట్లో అర్థమైంది ఇది. ఒక పుస్తకం ‘ఇది కష్టం’ అని చెప్పిందంటే, ఎవరికి కష్టం అని అడగాలి. మన పిల్లలు ఫ్రెంచ్, జర్మన్, జపనీస్ అన్నీ ఇంగ్లీష్ కిటికీలోంచే చూస్తున్నారు. ఇంగ్లీష్ వాడి భయాలు కూడా ఫ్రీగా వచ్చేస్తున్నాయి. నువ్వు, మీరు తేడా మనకి తెలుసు. క్రియ చివర మనిషిని బట్టి మారడం మనకి తెలుసు. తెలుగులో ఆలోచిస్తూ ఫ్రెంచ్ నేర్చుకుంటే కొన్ని తాళాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. మన గోదావరి పక్కనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. తెలుగు నోటికి ఫ్రెంచ్ మరీ దూరం చుట్టం ఏమీ కాదు.

రూల్సా, మాటలా? నా ఓటు చెప్పమంటే, ఇద్దరు మాస్టార్లూ కావాలి. ద్యూవెస్ ధైర్యం ఇస్తాడు. తప్పు ఎక్కడ పోయిందో పాల్స్‌గ్రేవ్ చెప్తాడు. కానీ వాళ్ళిద్దరికంటే ముందు ఆ పిల్లని గుర్తుపెట్టుకోండి. స్పెల్లింగ్ తప్పులతోనే ఉత్తరం రాసి, ఇది నా సొంతం అని చెప్పి, పంపించేసింది. నేర్చుకోవడం అంటే అదే.

మీరు ఏ భాష నేర్చుకుంటున్నారు, ఎక్కడ ఇరుక్కున్నారు, కామెంట్లలో రాయండి. తప్పులున్నా పర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.